పోలయ్యను నేను పిలవలేదు

ఇరవై ఐదేళ్లకు పైగా ఒక అబద్ధం మోస్తున్నాను. దాని బరువు నా ఒక్కడి మీదే పడి ఉంటే ఇంకా మోసేవాణ్నేమో. మరొకరి మీద కూడా పడింది. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

యర్రగొండపాలెం పోయే రోడ్డు మీద అప్పట్లో నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. ఊళ్లో ఇళ్లకు ఫోన్లు లేవు. దూరాన ఉన్నవాళ్లు నాకు చేసి, ఫలానా మనిషిని పిలవమని చెప్పి పెట్టేసేవారు. పది నిమిషాలకు మళ్లీ చేసేవారు. ఆలోగా ఆ మనిషిని పిలుచుకురావడం నా పని.

సరిహద్దులో యుద్ధం జరుగుతున్న ఆ ఎండాకాలం, ఒక సాయంత్రం గురవయ్య ఫోన్ చేశాడు. గొర్రెలు కాసే పోలయ్య కొడుకు. సైన్యంలో చేరి మూడేళ్లు.

“అన్నా, మా నాయనను పిలువు. రేపు కొండెక్కుతున్నాము. మళ్ల ఫోన్ దొరుకుతాదో లేదో.”

“ఏందిరా మిలిట్రీ, భయమైతుందా?” అని ఎగతాళి చేశాను.

“అవునన్నా,” అన్నాడు. నవ్వలేదు. “నాయనతో ఒక మాట మాట్లాడితే బాగుంటాది.”

పోలయ్య ఇల్లు ఊరి చివర. టీవీలో క్రికెట్ మ్యాచ్ మంచి పట్టులో ఉంది. నేను లేవలేదు. పది నిమిషాలకు మళ్లీ ఫోన్ మోగింది.

“మీ నాయన గొర్రెలు తోలుకొని అడవి దిక్కు పోయినాడురా,” అన్నాను.

అంత సులువుగా ఎలా వచ్చిందో ఆ మాట! కాలికి ముల్లు దిగి పోలయ్య ఆ రోజంతా ఇల్లు కదలలేదని మర్నాడు తెలిసింది. అప్పుడైనా ఫోన్ వచ్చిందని చెప్పలేదు.

నాలుగో రోజు గురవయ్య చనిపోయాడు. గాయపడిన ఇద్దరిని ఒక్కొక్కరినే భుజాన వేసుకొని కిందికి చేర్చాడు. మూడో మనిషి కోసం మళ్లీ పైకి వెళ్లి తిరిగి రాలేదు. తర్వాత పోలయ్య ఢిల్లీ వెళ్లి పతకం అందుకున్నాడు. ఆ ధైర్యంలో అబద్ధం లేదు. అబద్ధమంతా నాదే.

శవం ఊరికి వచ్చిన రోజు, కొండెక్కే ముందు గురవయ్య నా బూత్‌కు ఫోన్ చేశాడని వెంట వచ్చిన జవాన్లు చెప్పారు. చివరిసారి ఏమన్నాడని పేపరువాళ్లు నన్ను అడిగారు. ప్రాణం పోయినా వెనక్కి తిరగనన్నాడని చెప్పాను. పోలయ్య పక్కనే ఉన్నాడు.

“నన్ను అడగలేదా?”

“లేదు చిన్నాయనా. దేశం మాటే.”

అడిగాడని చెబితే, మరి ఎందుకు పిలవలేదంటారు కదా. నేను కల్పించిన ఆ వాక్యాన్నే మార్కాపురంలో రాతిమీద చెక్కించి గురవయ్య విగ్రహం కింద పెట్టారు. అతనితో చివరిసారి మాట్లాడినవాణ్నని ఏటా అక్కడ నాకు శాలువా కప్పుతారు. కప్పించుకున్నాను. భయపడుతూనే మూడోసారి పైకి వెళ్లిన మనిషి భయాన్ని నేను దాచింది అతని పరువు కోసమా? కాదు, నా పరువు కోసం.

ఒకసారి పోలయ్య నాతోనే అన్నాడు: “మిలిట్రీకి పోతానంటే కొట్టినా గదా. ఆ కోపం పోలేదేమోరా వానికి.” ఆ రోజు కూడా నోరు విప్పలేదు. అన్నిటికంటే పెద్ద తప్పు అదేనేమో.

ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. మొన్న శనివారం వెళ్లి చెప్పాను. క్రికెట్ సంగతి కూడా దాచలేదు. మంచం మీద కూర్చొని విన్నాడు. తర్వాత అడిగాడు:

“ఎన్నిసార్లు చేసినాడు ఫోను?”

“రెండుసార్లు.”

“రెండుసార్లూ నన్నే అడిగినాడా?”

“నిన్నే చిన్నాయనా.”

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొమ్మనలేదు, ఉండమనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. బయటికి వచ్చాను. చెప్పేశాను. అంతే.