పేరు వేయని వార్త

నేను టెస్టర్‌ని. ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. పదమూడేళ్లుగా అమెరికాలో, వర్జీనియాలోని షాంటిలీలో ఉండి అదే చేస్తున్నాను. ఇంట్లో కూడా అదే చేస్తానని మా ఆయన అంటాడు. అంటే అననీ. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. నేను ఒట్టి పిరికిదాన్నని కూడా తెలుసు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఇప్పటికీ అర్థం కాదు.

మా ఆఫీసులో ఏడాదికి కొన్ని గంటలు సమాజసేవ చేయమంటారు. చెట్లు నాటడానికి నా నడుము ఒప్పుకోదు. ఇంట్లో కూర్చుని చేసే పని ఏదైనా ఉందా అని వెతికితే ఒక లైబ్రరీ వాళ్లది దొరికింది. పందొమ్మిదో శతాబ్దంలో, ఈ దేశంలో బానిసత్వం ఇంకా చట్టంగా ఉన్న రోజుల్లో, దాన్ని రద్దు చేయాలని నల్లజాతివాళ్లు తామే సంపాదకులై పత్రికలు నడిపారు. ఆ పాత పేజీల ఫోటోలు చూసి, ఉన్నది ఉన్నట్టు టైప్ చేయాలి. సిరా అలికిపోయిన చోట కంప్యూటర్ చదవలేదు, మనిషి కన్ను కావాలి.

సైట్‌లో అకౌంట్ తెరిచేటప్పుడు పేరు అడిగింది. అసలు పేరు ఇవ్వలేదు. ఒక పువ్వు పేరు, పక్కన నాలుగు అంకెలు పెట్టాను. గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఉన్నవాళ్ల పేరు ఎక్కడా కనపడకూడదని మావాళ్లందరి నమ్మకం. వీసా స్టాంపింగ్‌కి వెళ్తే ఫోన్ చూస్తారట, ఎప్పుడో కొట్టిన లైకులు కూడా తవ్వి తీస్తారట అని రోజుకొక కథ వింటుంటాం. వాటిలో ఎన్ని నిజమో తెలియదు, నేను మాత్రం అన్నిటికీ భయపడతాను. నూట డెబ్బై ఏళ్ల నాటి పేపర్ టైప్ చేస్తే ఎవరేం చేస్తారని మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వనీ.

గంటల కోసం మొదలుపెట్టిన పని, గంటలు నిండాక కూడా మానలేకపోయాను. ఒక్కో సంచికా నాలుగు పేజీలు. ముందు పేజీలో ప్రసంగాలు, ఉత్తరాలు. చివరి పేజీలో దర్జీల ప్రకటనలు, బోర్డింగ్ హౌస్‌ల ప్రకటనలు, పెద్దవాళ్లకి చదువు చెప్పే బడి ప్రకటన. వాటి మధ్యలో ఎక్కడో ఒక హెచ్చరిక ఉండేది: మనుషుల్ని ఎత్తుకుపోయేవాళ్లు ఊళ్లోకి వచ్చారు, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి అని. స్వేచ్ఛగా పుట్టినవాళ్లని కూడా పట్టుకుపోయి దక్షిణాదిలో అమ్మేసేవారట. పట్టపగలు, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని అది టైప్ చేస్తూ, మధ్యలో లేచి వెళ్లి వీధి తలుపు గడియ చూసొచ్చేదాన్ని.

నెలకొకసారి లైబ్రరీలో మాలాంటి వాలంటీర్లందరినీ పిలిచేవాళ్లు. మాకు పని అప్పజెప్పేది ఒక రిటైర్డ్ హిస్టరీ టీచర్, నల్లజాతి స్త్రీ, డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడ ముందు నా ఉద్యోగబుద్ధి చూపించాను. ఒక సంచికలో చిన్న వార్త ఉంది. దక్షిణం నుంచి నలుగురు వచ్చారు, క్షేమంగా ముందుకి సాగిపోయారు అని మాత్రమే ఉంది. ఎవరు వచ్చారో లేదు, ఎవరింట్లో ఉన్నారో లేదు, ఏ దారిన వెళ్లారో లేదు. అదే పేజీలో ఆ పత్రికకి చందాలు వసూలు చేసే ఏజెంట్ల పేర్లు ఊళ్లతో సహా వరసగా ఉన్నాయి. పైన సంపాదకుడి పేరు, ఆఫీసు ఉన్న వీధి, తలుపు నంబరు కూడా ఉన్నాయి. "ఇన్ని పేర్లు వేసినాయన అసలు పేర్లే మర్చిపోయాడండీ. సమాచారం లేదు అని మార్క్ చేసి పెట్టాను" అన్నాను గర్వంగా.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఇంగ్లిష్‌లోనే మాట్లాడింది కానీ నాకు తెలుగులోనే గుర్తుండిపోయింది. "మర్చిపోలేదమ్మా, కావాలనే వేయలేదు. పేపర్ మనవాళ్లొక్కళ్లే చదవరు. పారిపోయి వచ్చినవాళ్లని పట్టుకోవడానికి తిరిగేవాడు కూడా కొనుక్కుని చదువుతాడు. తన పేరు వేసుకున్నాడంటే, అది తనది కాబట్టి. వాళ్ల పేర్లు వేయడానికి ఆయనెవరు?"

ఆ ఆఫీసుల మీద జనం రాళ్లతో పడేవారని, అచ్చు యంత్రాలు విరగ్గొట్టేవారని కూడా చెప్పింది. అయినా పేరూ తలుపు నంబరూ వేసుకున్నారు. నేను తల ఊపి, నా మార్క్ తీసేశాను. బాగా అర్థమైందనుకున్నాను.

ఇక్కడ అక్క గురించి చెప్పాలి. సొంత అక్క కాదు. వరంగల్ ఆవిడ, నాకంటే పదేళ్లు పెద్ద. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో కార్ డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. మా ఇంటికి పది నిమిషాల దూరంలో టౌన్‌హౌస్. ఆ చలికాలంలో ఆవిడ బేస్‌మెంట్‌లో ఒకమ్మాయి ఉండేది. ముప్పై ఏళ్లుంటాయి, నల్గొండ వైపు పిల్ల. లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి ఇచ్చే అరవై రోజులూ అయిపోయాయి. కొత్త కంపెనీ వీసా కాగితాలు ఆలస్యంగా వేసింది, ఇమ్మిగ్రేషన్ వాళ్ల నుంచి జవాబు రాలేదు. రూమ్మేట్‌లు కూడా వీసాల మీద ఉన్నవాళ్లే, భయపడి ఖాళీ చేయమన్నారు. అక్క ఏమీ అడక్కుండా తెచ్చి పెట్టుకుంది. "ఎవ్వరికి చెప్పకు" అని నాతో ఒక్కసారే అంది.

శనివారాలు నేను పులిహోర కలుపుకుని వెళ్లేదాన్ని. ఆ పిల్ల కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. కార్ చప్పుడైతే మాట ఆపేసేది. నా లాప్‌టాప్‌లో అలికిపోయిన అక్షరాలు నాకంటే ముందు తనే పోల్చేది. ఒకరోజు మనుషుల్ని ఎత్తుకుపోయేవాళ్ల హెచ్చరిక వచ్చింది. తను చదవడం ఆపేసి, "అక్కా, నన్ను అమ్మేటోళ్లు ఎవరూ లేరు. వాళ్లకీ నాకూ పోలికే లేదు. అయినా ఎందుకో ఇది చదవబుద్ధయితలేదు" అంది. నేను లాప్‌టాప్ మూసి టీ పెట్టాను. తనని ఇండియాకి పంపించేస్తే ఇంటి దగ్గర ఏం మొహం పెట్టుకుని ఉండాలన్నది ఆ పిల్ల బాధ. జవాబు వచ్చేదాకా ఎవరి కంటా పడకపోతే చాలు అనుకునేది.

ఉగాది వచ్చింది. మా ఏరియా తెలుగువాళ్ల ఫోన్ గ్రూప్‌లో నాలుగు వందల మందిమి ఉంటాం. పాట్‌లక్‌కి ఎవరేం తెస్తారని లిస్ట్ వేస్తున్నారు. ఏ పండగకైనా ముందుండి వండే అక్క మూడు నెలలుగా దేనికీ రాలేదు, ఆ పిల్లని ఒంటరిగా వదల్లేక. అది తెలియని ఒకావిడ, కొందరు ఇప్పుడు విస్తరి వేసి పిలిస్తే గానీ రారు అని రాసి, కింద నవ్వు మొహం పెట్టింది. ఎవరినందో అందరికీ తెలుసు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా గ్రూప్‌లో ఒక మర్యాద ఉంది. ఎవరైనా మేలు చేస్తే, పేరు పెట్టి, ఫోటో పెట్టి, నలుగురి ముందు దండం పెట్టాలి. ఎయిర్‌పోర్ట్ రైడ్ ఇచ్చినవాళ్లకీ అంతే, బాలింతకి పథ్యం వండి పెట్టినవాళ్లకీ అంతే. పేరు చెప్పకపోతే మేలు మరిచినట్టు లెక్క. ఆ మర్యాద ప్రకారమే రాశాను. అక్క పేరు రాశాను. ఉద్యోగం పోయి, గడువు దాటి, దిక్కులేక ఉన్న ఆడపిల్లని మూడు నెలలుగా బేస్‌మెంట్‌లో ఉంచుకుని కడుపులో పెట్టుకుని చూసుకుంటోందని రాశాను. ఆ పిల్ల పేరు రాశాను. కిందటి శనివారం వీధిలో ఎవరూ లేనప్పుడు వాకిలి మెట్ల మీద ముగ్గురం తీసుకున్న ఫోటో ఉంటే, అందులోంచి నన్ను మాత్రం కత్తిరించేసి పెట్టాను.

పది నిమిషాల్లో యాభై దండాలు వచ్చాయి. విస్తరి గురించి రాసినావిడ సారీ కూడా చెప్పింది. ఆ పది నిమిషాలూ నా అంత గొప్పది లేదు. తర్వాత, నాకు తెలియని నంబర్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: ఆ అమ్మాయి ఇప్పుడు ఏ వీసా స్టేటస్‌లో ఉన్నారండీ? ఫోటో పెద్దది చేసి చూశాను. అక్క భుజం వెనక తలుపు నంబర్ స్పష్టంగా కనిపిస్తోంది. వెంటనే డిలీట్ చేశాను. అప్పటికే ఎవరో మానవత్వం ఇంకా బతికే ఉంది అని పైన రాసి రెండు పెద్ద గ్రూపుల్లోకి పంపేశారు. మా ఆయన గ్రూప్‌లోంచి అది మళ్లీ నాకే వచ్చింది.

అక్క ఇంటికి ఎలా డ్రైవ్ చేశానో గుర్తులేదు. తలుపు తీసేసరికి ఆవిడ చేతిలో ఫోన్ ఉంది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. "నీ పేరైతే ఎక్కడ పెట్టవు గదా" అంది. అంతే. నేను ఏడిస్తే, ఏడుపు తర్వాత అని లోపలికి లాగింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో కార్ ఆగింది. కిటికీ సందులోంచి చూస్తే ఇద్దరు మగవాళ్లు, మెరిసే పట్టీలున్న జాకెట్లు, చేతిలో టాబ్లెట్, మెడలో కార్డులు. ఒకడు ఇంటి నంబర్ చూసి ఇంకొకడికి చూపిస్తున్నాడు. ఇమ్మిగ్రేషన్ వాళ్లే అనుకున్నాను. పిల్ల దగ్గరుండు అని అక్క నా భుజం పట్టి బేస్‌మెంట్ మెట్ల వైపు తోసింది.

ఆ పిల్ల అప్పటికే, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఉన్న గదిలో ఉంది. వాటర్ హీటర్ వెనక, గోడకి అతుక్కుని. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. పైన తలుపు తెరుచుకుంది. మగ గొంతులు వినపడుతున్నాయి, మాటలు వినపడటం లేదు. బూట్ల చప్పుడు. తను నా చెయ్యి పట్టుకుంది. నావల్లే ఇదంతా అని తనకి చెప్పాలని నోరు తెరిచాను. తను తల అడ్డంగా ఊపింది. తనకి తెలుసు. నేను రాసింది తన ఫోన్‌కి కూడా వచ్చింది.

అక్క పైనుంచి పిలిచింది. వడగళ్ల వానకి ఇంటి కప్పులు పాడయ్యాయేమో చూస్తామని ఇల్లిల్లూ తిరిగే రూఫింగ్ వాళ్లట. ఎవ్వరం నవ్వలేదు. ఆ పిల్ల బయటికి వచ్చి, అక్క ఇచ్చిన నీళ్లు తాగి, "ఈసారి వీళ్లు. వచ్చేసారి ఎవరో మనకి తెల్వది కదా అక్కా" అంది. తర్వాత కిందకి వెళ్లి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. అక్క ఉండమంది, నేను కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. మర్నాడు పొద్దున్న తనకి తెలిసినవాళ్లెవరో వచ్చి తీసుకెళ్లారు. వాళ్ల పేరు నన్ను అడగొద్దంది అక్క.

అక్క నాతో మాట్లాడటం మానలేదు. కానీ ఫోన్‌లో ఏదైనా చెప్పబోయి, ఆగి, వేరే మాట ఎత్తుతుంది. అది నాకు తెలుస్తూనే ఉంటుంది. ఆ పిల్ల ఎక్కడుందని ఒక్కసారి అడిగాను. "నాకు తెల్వదు" అంది, నా మొహం చూడకుండా.

నెల రోజులు చూసి, నిద్ర లేని కళ్లతో ఒక మధ్యాహ్నం ఆఫీసులోంచే ఆ పిల్లకి మెసేజ్ పెట్టాను. ఎలా ఉన్నావు, ఎక్కడున్నావు, నన్ను క్షమించు అని. సాయంత్రానికి జవాబు వచ్చింది.

"బాగున్న అక్కా. మీరు నా మీద ప్రేమతోనే రాసిన్రని నాకు తెలుసు. అందుకే ఎక్కడున్ననో మీకు చెప్పను."

ఆ మెసేజ్ చాలాసార్లు చదువుకున్నాను. ఎవరికీ చూపించలేదు, మా ఆయనకి కూడా.