మల్లి కాలూ, కాంపౌండర్ కాక కళ్ళూ

కింది వాటాలో ఉండే కాంపౌండర్ కాక పోయారని నాకు మెట్లమీదే తెలిసింది. పొద్దున ఏడు. చేతిలో కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళ గిన్నె. మా మల్లి కాలు శుభ్రం చేయించడానికి ఆయన పైకొచ్చే వేళ అది. ఆయన అడుగుల చప్పుడుకి బదులు ఆయన భార్య చిన్నమ్మ ఏడుపు వినబడింది. నిద్రలోనే పోయారట.

మల్లి నా కుక్క. దిల్‌సుఖ్‌నగర్‌లో నా బట్టలు కుట్టే కొట్టు ముందే పెరిగింది. రెండేళ్ళ కిందట బస్సు కింద పడి వెనక కాలు నుజ్జయితే మోకాలి కింద తీసేశారు. మూడు కాళ్ళతో కుక్కలు హాయిగా తిరుగుతాయని అందరూ చెప్పారు. నిజమే, కానీ మల్లి రెండో వెనక కాలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. పాపం, లేవలేకపోయింది. పట్టీలతో కట్టే కాలు తెస్తే ఒరుసుకుని పుండు పడింది.

చివరికి ఎల్బీనగర్‌లో ఒక డాక్టరమ్మ దారి చూపించారు. ఎముకలోకే టైటానియం కడ్డీ దింపి, దాని కొస చర్మం బయటికి తెచ్చి, ఎముక కడ్డీని గట్టిగా పట్టుకున్నాక ఆ కొసకి రబ్బరు పాదం బిగిస్తారు. కడ్డీ బయటికొచ్చే చోట రోజూ శుభ్రం చేయాలి. అక్కడ చీము పట్టి ఎముకకి పాకితే కడ్డీ తీసేయాల్సిందే, మళ్ళీ పెట్టడానికి ఎముక మిగలదు.

నాకేమో పుండు చూస్తే కళ్ళు తిరుగుతాయి. బతుకంతా పశువుల దవాఖానలో గడిపిన కాక, తానున్నాగా అన్నారు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, "మేడం, జర కాలియ్యుండ్రి" అనేవారు. మల్లి బుద్ధిగా ఇచ్చేది. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన నాకు ఆ మర్యాద ఏనాడూ చేయలేదు. తుడిచిన దూదిని పారేసే ముందు కాక వాసన చూసేవారు. నేను మొహం చిట్లిస్తే, కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుందనేవారు.

ఒకసారి ఆయన మూడు రోజులు హయత్‌నగర్‌లో కూతురింటికి వెళ్ళారు. కడ్డీ చుట్టూ చర్మం ఎర్రగా కమిలినట్టనిపించి నేను పసుపు పెట్టాను. మా ఇళ్ళలో దెబ్బ తగిలితే ముందు పసుపు, తర్వాతే ఏదైనా. అదీ ప్రేమకొద్దీ దిట్టంగా పట్టించాను. మర్నాడు ఎరుపు కనబడలేదు, తగ్గిందని మురిసిపోయాను.

కాక వచ్చి, దూది వాసన చూసి, చెప్పులేసుకుని ఆటో పిలిచారు. డాక్టరమ్మ పసుపు కడిగేసరికి కింద చర్మం ఎర్రగా వాచి ఉంది. ఇంకా ఎముకదాకా పోలేదుగానీ, మరో రెండు రోజులైతే చెప్పలేనన్నారు. తిరిగొచ్చేప్పుడు ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను. కాక ఒక్కటే అన్నారు.

"పసుపు మంచిదే బిడ్డా. గని మనకు ఎరుపు కనవడాలె."

తిట్టినా బాగుండేది. మర్నాటినుంచి కొత్త పాట ఎత్తుకున్నారు. "నా కండ్లకు ఆనుతలేదు. నువ్వే కడుగు, నువ్వే చూసి చెప్పు" అని స్టూలుమీద కూర్చునేవారు. ఎరుపుందా? తడి ఉందా? వాసనుందా? రోజూ అవే మూడు ప్రశ్నలు. కళ్ళు తిరుగుతున్నాయంటే కూర్చుని చూడమనేవారు. ఏడాది పైగా ఇదే వరస. కళ్ళ డాక్టరు దగ్గరికి పోవచ్చుగా కాకా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో!

ఆయన పోయిన రోజు సాయంత్రం అంతా అయ్యాక పైకొచ్చి, నీళ్ళు మళ్ళీ కాచి, ఒక్కదాన్నే మల్లి కాలు శుభ్రం చేశాను. కళ్ళు తిరగలేదు.

పదో రోజున చిన్నమ్మ పక్కన కూర్చుని, పాపం చూపు ఆనకపోయినా రోజూ మెట్లెక్కి వచ్చేవారు అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"కండ్లకేమైంది? అద్దాలు లేకుండ పేపర్ సదివెటోడు. నాకు సూదిల దారం గూడ ఆయనే ఎక్కిచ్చెటోడు."

ఎంత దొంగ మనిషండీ మా కాక! నా తప్పు ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. తన కళ్ళమీద నెపం పెట్టి నా కళ్ళు తెరిపించారు. మల్లి నాలుగు కాళ్ళమీద నిలబడిందంటే ఆ చలవే.

ఇవాళ కూడా ఏడింటికి నీళ్ళు పెట్టాను. మేడం, జర కాలియ్యి అంటే మల్లి నావైపు చూడదు. ఖాళీ స్టూలు వైపు తిరిగి కాలు చాపుతుంది. కడుగుతాను, తుడుస్తాను, దూది వాసన చూస్తాను. తర్వాత స్టూలుకి వినబడేలా చెప్తాను. ఎరుపు లేదు కాకా. తడి లేదు. వాసన లేదు.

అప్పుడు గానీ మల్లి కాలు దించదు.