ఎనిమిదో రేకు

మా చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డను ఎవరూ దుకాణంలో కొనరు. మా నరసాపురం వైపు ఆడవాళ్లు చిన్నప్పుడే లేసు సూది పడతారు. కోతల పండుగ వస్తుందంటే ఇంటికొక ఎనిమిది రేకుల తెల్లటి లేసు పువ్వు అల్లి ఇస్తారు. వాటన్నిటినీ కలిపే అతుకు పని మా పక్కింటి అత్తయ్యది. దేవుడి ఆరాధనకు వేసిన ప్రత్యక్ష గుడారపు తెరలను కొలుకులతో, అంటే నూలు ఉచ్చులతో, ఒకటిగా కూర్చిన సంగతి బైబిలు నిర్గమకాండంలో చదివినప్పుడల్లా నాకు ఆవిడ ఒడే గుర్తొస్తుంది.

పోయిన ఏడాది ఆ పండుగ నాటికి నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్లి నాలుగు నెలలు. అమ్మకు చూపు మందగించింది. అయినా తన పువ్వు బల్ల మీద ఉండాల్సిందేనంది. పెళ్లయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడాదీ మానలేదు.

శనివారం మధ్యాహ్నం అత్తయ్య ఆ పువ్వు పట్టుకుని వచ్చింది.

"వదినగారూ, ఇదేంటండీ, ఏడు రేకులే ఉన్నాయి? పక్క పువ్వుతో అతకడం లేదు."

అమ్మ వేళ్లతో తడిమింది. "ఏడేనా? సరిగ్గానే లెక్కపెట్టానే!"

"పోనీ ఈసారికి మీ బదులు నేనొకటి అల్లేస్తాను లెండి."

"నువ్వెందుకే? నాకు చేతులు లేవా?"

అమ్మ లెక్క నాకు తెలుసు. అంకెలు కాదు, ఒక్కో రేకుకు ఇంట్లో ఒక్కొక్కరి కోసం ప్రార్థన. మొత్తం ఎనిమిది మంది. మొదటి రేకు ఎప్పుడూ నాన్నగారిది. చనిపోయినవారి కోసం మేం ప్రార్థన చెయ్యం. వాళ్లు ప్రభువు చేతుల్లో ఉన్నారు, వాళ్ల కోసం ఇక అడగాల్సిందేమీ లేదు. అమ్మ ఆ నమ్మకంతోనే, తనకు తెలియకుండానే, ఒక రేకు తగ్గించేసింది.

నేనా మాట చెప్పాక అమ్మ పువ్వును నా చేతిలో పెట్టింది.

"విప్పెయ్యి," అంది అమ్మ.

దారం కొస పట్టి లాగాను. అమ్మ మళ్లీ మొదలుపెట్టింది, పెదవులు కదుపుతూ. ఏడు రేకులయ్యాక సూది ఆగింది.

"ఇంకెవరున్నారే?" అని నన్నడిగింది.

"నేను లేనేంటండీ!" అంది అత్తయ్య. "మోకాళ్లు పీకేస్తున్నాయి. రేపు బల్ల దగ్గర మోకరిస్తే నన్ను లేపడానికి ఇద్దరు కావాలి."

"నీ మోకాళ్లకు ఒక్క రేకేం చాలుతుంది, పువ్వంతా కావాలి," అని నవ్వి, అమ్మ కళ్లు మూసుకుంది.

ఎనిమిదో రేకు మిగతావాటి కంటే కాస్త పెద్దదిగా వచ్చింది. అత్తయ్య చూసింది, అలాగే తీసుకెళ్లి అతికించింది.

మర్నాడు బల్ల దగ్గర సంస్కారపు రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకుని లేవబోతూ అత్తయ్య తూలింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కూడా ఆనని మా అమ్మ, చెయ్యి చాచి సరిగ్గా ఆవిడ మోచేయి పట్టుకుంది.