చెవి నంబరు

మండవల్లి చేపల చెరువుల కాపలాలో, గట్లకు బొక్కలు పెట్టే ఎలుకల్ని ముప్పై ఏళ్లు కాలితో తొక్కి చంపిన పోతురాజు ఇప్పుడు ఏలూరు ల్యాబులో ఎలుకల బోనుల్లో పక్కగా పరిచే పొట్టు మారుస్తున్నాడు. ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకుని చెవికి తగిలించిన నంబరు చదువుతాడు. “వీటి డీఎన్‌ఏలో ఒక ముక్క చోటు మారి గెంతుతుంది పోతురాజు గారూ. అది గెంతిన కణం పచ్చగా మెరిసేలా వీటిని తయారుచేశాం,” అంది ల్యాబులో పరిశోధన చేసే నిలోఫర్ మేడమ్. “అయితే బోను మూత గట్టిగా బిగించాలాండీ?” అన్నాడు. ఆమె నవ్వింది. అతను బిగించాడు.

ఆదివారం మండవల్లిలో చెరువు గట్టున ఎలుక కనబడగానే అతని కాలు లేచింది గానీ కిందికి దిగలేదు. “తొక్కండి, గట్టు తెగిపోద్ది!” అని అరిచింది భార్య. పోతురాజు కళ్లు చిట్లించి చూశాడు. “చెవికి నంబరు లేదే,” అని గొణిగాడు. ఈలోగా ఎలుక గట్టులోకి దూరిపోయింది. లేచిన కాలు ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు.