దుబాయికి వట్టి చేతులతో

మొన్న ఆదివారం మా మనవరాలు భువనేశ్వర్ నుంచి వచ్చి, భోజనం చేస్తూనే ఎడమచేత్తో ఫోనులో ఏదో గీకుతూ ఉంటే, ఆఫీసు పని కాబోలు అనుకుని నేను చారు పోసి ఊరుకున్నాను. మజ్జిగలోకి వచ్చేసరికి తలెత్తి, వచ్చే నెల ఉజ్బెకిస్తాన్ వెళ్తున్నానని, తాష్కెంటు, సమర్‌ఖండు, బుఖారా మూడు ఊళ్లకీ అన్నీ ఖాయమైపోయాయని చల్లగా చెప్పింది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తురకల దేశం, ముక్కూ మొహం తెలియని ఊళ్లు, పెళ్లికాని పిల్ల ఒక్కతీ, ఇదంతా ఒక ఎత్తు. చారన్నానికీ మజ్జిగన్నానికీ మధ్య మూడు నగరాల ప్రయాణం తెమిలిపోవడం ఇంకో ఎత్తు. మా ఇంట్లో మొట్టమొదటిసారి అలాంటి దేశానికి ప్రయాణం కట్టినప్పుడు ఇల్లంతా నెలల తరబడి ఉడికిపోయింది. 

అప్పటికి నేను బరంపురం కోడలినై పదేళ్లు దాటింది. మా మావగారిది కిరాణా టోకు వ్యాపారం. ముందు కొట్టు, దాని వెనక గోదాం, ఆ వెనక మా ఇల్లు. దిగపహండి నుంచీ కొడల నుంచీ చిల్లర కొట్లవాళ్లు పొద్దున్నే బస్సు దిగి వచ్చి సరుకు కట్టించుకుని పోయేవారు. మా ఇంట్లో ఏ బట్ట దులిపినా జీలకర్రో ఆవాలో రాలేవి. అత్తగారిది మహా మడి. ఆరేసిన మడిచీర దండెం కిందుగా పిల్లలు పరుగెత్తితే ఆ చీర మళ్లీ తడిసి ఆరాల్సిందే. మడిలో ఉన్నంతసేపూ కన్నకూతుర్నయినా దగ్గరికి రానిచ్చేవారు కారు. ఆవిడకు ముద్దుచేయడం చేతకాదు. ఎవరిమీదైనా అభిమానం ఉంటే వాళ్లకు ఏదో ఒకటి వండి, దంచి, మూటకట్టి పంపడమే ఆవిడకు తెలిసిన పద్ధతి.

మా ఆడపడుచు పెళ్లయిన రెండేళ్లకు అల్లుడుగారికి అల్ అయిన్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చి ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ ఊరు దుబాయికి అవతల, మన బరంపురానికి శ్రీకాకుళం ఎంతో ఇంచుమించు అంత దూరం. అక్కడ ఆమెకు నెల తప్పింది. మొదటి పురుడు పుట్టింట్లో పోయాలి కదా, ఐదో నెల దాటగానే పిల్లను తెచ్చేసుకుందామని అత్తగారు వెనక గదికి సున్నం కూడా వేయించారు. అంతలో అక్కడి డాక్టరమ్మ పిల్లను మంచం దిగవద్దందని, విమానం మాట తలపెట్టవద్దందని కబురొచ్చింది. రెండు రోజులు ఆ వెనక గది తలుపు ఎవరూ తీయలేదు. మూడో రోజు అత్తగారే తులసికోట దగ్గర నుంచి లేచివచ్చి, పిల్ల రాలేకపోతే తల్లే వెళ్తుందని తేల్చేశారు. గోపాలపురం సముద్రం దాకా వెళ్లి వస్తేనే ఇంటికొచ్చి తలారా స్నానం చేసే మనిషి, సముద్రం దాటి వెళ్తాననేసరికి మావగారు లేచి నిలబడ్డారు. తోడుగా నన్ను పంపుదామన్నారు. ఇంటర్మీడియట్ దాకా చదివి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదాన్ని ఇంట్లో ఆడవాళ్లలో నేనొక్కదాన్నే.

అక్కడి నుంచి మావగారికి ఉత్సాహం వచ్చింది. అంత దూరం వెళ్లి ఒక్క ఊరు చూసి రావడమేమిటి అన్నారు. దుబాయిలో దిగి అక్కడి కృష్ణుడి గుడి చూడాలి, అల్ అయిన్‌లో పురుడు కానివ్వాలి, పురుడొచ్చి నెల వెళ్లాక అబుదాబిలో అల్లుడుగారి అన్నయ్య ఇంటికి వెళ్లాలి, వచ్చేటప్పుడు షార్జాలో దిగాలి. షార్జా ఎందుకంటే, గోపాలపురం నుంచి మా కొట్లో ఏళ్ల తరబడి సరుకు కొనే జాలరి ఇంటి పెద్దకొడుకు అక్కడి రేవులో పని చేస్తున్నాడు. అమ్మగారు తమవాడున్న ఊరొచ్చి తమ ఇంట్లో కాఫీ తాగకుండా వెళ్తే ఊరుకునేది లేదని వాళ్ల నాన్న కొట్టుకొచ్చి మరీ చెప్పిపోయాడు. సాయంత్రం కొట్టు కట్టేశాక మావగారు పాత కేలండరు వెనక ఆ ఊళ్లన్నీ గీసి, ఏ ఊరి తర్వాత ఏ ఊరో మాకు దిగపహండి బస్సు గురించి చెప్పినంత ధీమాగా చెప్పేవారు. ఆయన కటక్ దాటి వెళ్లిన మనిషి కాదు.

ఇక భయాలు మొదలయ్యాయి. అక్కడ బొట్టు పెట్టుకోనిస్తారా, చీర కట్టుకోనిస్తారా, దేవుడి పటం పట్టుకెళ్తే లాక్కుంటారా, నీళ్లు ఎవరు తోడతారు, పొయ్యి ఎవరు ముట్టుకుంటారు. వీధిలో ఆడవాళ్లు తలో మాటా వేసిపోయేవారు. చోద్యం ఏమిటంటే, అత్తగారికి పెళ్లినాటి నుంచీ గాజులు తొడిగేది సాయిబే. వేళ్లు నొక్కి, మణికట్టు తిప్పి, చిట్లకుండా తొడిగే ఆయన చేతి ఒడుపును మెచ్చుకోని రోజు లేదు. ఆయన ముందే కూర్చుని ఆయన మతంవాళ్ల దేశం గురించి మా అత్తగారు గుండెలు బాదుకుంటుంటే, పాపం ఆయన తలొంచుకుని గాజులు సరిచూసుకుంటూ, అమ్మా నేనూ ఆ దేశం చూడలేదు, అల్లా దయవల్ల క్షేమంగా వెళ్లిరండి అన్నాడు. అత్తగారు ఆయనతోనే, తిరిగొచ్చాక పుణ్యాహవాచనం చేయించుకోవాలని చెప్పారు. నాకు నవ్వాపుకోవడం కష్టమైంది.

బాలింతకు కావలసినవి చేయడం మొదలుపెట్టాక మాత్రం ఆవిడ భయాలన్నీ మరిచిపోయారు. కాయం మందు, కరివేపాకు పొడి, వాము, శొంఠి. అన్నిటికన్నా ముఖ్యం గసగసాలు. మా వైపు గసాలు అంటాం. వేయించిన గసాలూ ఎండుకొబ్బరీ బెల్లమూ కలిపి చేసే ఉండలు తింటే పచ్చి బాలింతకు నడుం గట్టిపడుతుందని, కంటినిండా నిద్ర పడుతుందని మా ఇంట్లో తరతరాల నమ్మకం. నాకు రెండు పురుళ్లకూ ఆవిడే చేసి పంపారు.

ఆ కబురు చెప్పడానికే ఒక మధ్యాహ్నం బజారులో ఫోను బూత్‌కు వెళ్లాం. కొట్లో ఫోనుంది కాని పై దేశాలకు దానిమీద కుదిరేది కాదు. ఇరుకు అద్దాల గదిలో నేను నంబరు కలిపి అత్తగారి చేతికిచ్చాను. ఆవిడ ఫోను చెవి దగ్గర కాక నోటి దగ్గర పెట్టుకుని, ఆ దూరమంతా తన గొంతే మోసుకెళ్లాలన్నట్టు అరిచేవారు. ఆరోజూ అంతే.

"గసాలుండలు సేసినానే. ఇడిగా గసాలు కూడా కట్టిస్తన్నాడు మీ నాన్న. నీకు పురుడెల్లినాక రోజూ పాలల్లో యేసి..."

అవతల నుంచి చప్పుడు లేదు. తర్వాత మా ఆడపడుచు గొంతు, పక్కన ఉన్న నాకు కూడా స్పష్టంగా వినపడింది.

"రాంగ్ నంబరండి," అని పెట్టేసింది.

అత్తగారు ఫోను చూశారు, నన్ను చూశారు. నేను మళ్లీ కలిపితే మోగింది కాని ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చే దారంతా ఆవిడ అన్నది ఒకటే. అది పిల్ల గొంతే. అండి అందేమిటే, నన్ను అండి అందేమిటే. కన్నకూతురు తల్లిని పరాయిదాన్ని చేసి ఫోను పెట్టేసిందంటే ఏమనుకోవాలో మాకెవరికీ తోచలేదు. అల్లుడుగారు పక్కన నిలబడి తల్లితో మాట్లాడవద్దన్నారా? కడుపులో బిడ్డకేమైనా అయి చెప్పలేకపోయిందా? ఆ దేశంలో ఇంకేమైనా జరిగిందా? ఆ సాయంత్రం మా ఇంట్లో పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి అడుగంటిపోయినా ఎవరూ చూసుకోలేదు.

మర్నాడు కొట్టుకు ఫోనొచ్చింది. అల్లుడుగారు. ఎప్పుడూ తెలుగులో మాట్లాడే మనిషి ఆవేళ ఒడియాలో మొదలుపెట్టారు. అందరూ క్షేమమే, కాని అత్తయ్యగారు నిన్న చెప్పిన వస్తువు తేవద్దు అన్నారు. ఏ వస్తువు అని మావగారు. పేరు చెప్పకూడదు, బెంగాలీవాళ్లు ఆలుగడ్డలో వేసి వండుకుంటారే, అది. ఉప్పా అన్నారు మావగారు. కాదు. ఐదు దినుసులు కలిపి తాలింపు వేసే పంచఫుటనమా అన్నారు. కాదు, తెల్లగా, సన్నగా ఉంటుంది, మీ ఎడమచేతి పక్కనే దాని బస్తా ఉంటుంది అనేసరికి మావగారు పక్కకు తిరిగి చూశారట. నల్లమందు ఏ కాయలోంచి వస్తుందో ఇవీ ఆ కాయలోంచే వస్తాయని, ఆ దేశంలో రెండింటికీ ఒకటే చట్టమని, సంచి కుట్టులో నాలుగు గింజలు దొరికినా జైలేనని, ఫోను ఎవరు వింటున్నారో తెలియక అమ్మాయి హడలిపోయి అలా పెట్టేసిందని అల్లుడుగారు చెప్పారు.

మావగారు కొట్టు వదిలేసి లోపలికొచ్చి, నడవలో అరుగు మీద కూలబడ్డారు.

"గసాలు పట్టికెల్తే ఆ దేశంలో జైలంట," అన్నారు.

"గసాలకి జైలేటి?" అన్నారు అత్తగారు. 

అమ్మవారి నైవేద్యంలో వేసేది, పసిపిల్లలకు పాలలో నూరి పట్టేది, పూర్వుల నాటి నుంచీ అమ్మి మేము తిండి తిన్నది, అదే వస్తువు ఒక సముద్రం అవతల నేరం.  అది మోసుకుంటూ మేము నవ్వుతూ దిగేవాళ్లం. పురిటికి వెళ్లినవాళ్లం జైల్లో, నిండు చూలాలు బయట.

ఇక శుద్ధి మొదలైంది. ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ గోదాంలో ఉన్నవే కనుక కొత్తది కొన్నాం. తీసుకెళ్లే చీరలన్నీ మళ్లీ ఉతికి, వీధి అరుగు మీద దులిపి, కుచ్చిళ్లూ అంచులూ వేలితో తడిమాను. మా రోట్లో దంచిన పొడి ఏదీ నమ్మడానికి లేదు, మా తిరగలిలో విసిరిన పిండీ లేదు. అన్నీ పక్కిళ్లకు పంచిపెట్టేశాం. ఆఖరికి అత్తగారిని పెరట్లో తెల్ల దుప్పటి మీద కూర్చోబెట్టి జుట్టు విప్పి దువ్వాను. ఎప్పుడూ నన్ను తాకనివ్వని మనిషి తలవంచుకుని కూర్చున్నారు. దుప్పటి మీద సన్నటి గింజ ఒకటి రాలితే ఇద్దరం వంగి చూశాం. ఆవగింజే.

"ఆళ్ల దేశంలో మైలపడిపోతానని నాను ఏడిస్తే, ఆళ్ల దేశానికి నానే మైలయిపోనానేటే," అన్నారు ఆవిడ నెమ్మదిగా. నేను ఇంకో పాయ తీసుకుని దువ్వాను.

మర్నాడు పొద్దున్న కొత్త పెట్టె మూత తీసి చూశారు. రెండేసి చీరలు, పసిబిడ్డకు మెత్తటి పాతబట్టలు, అంతే. మూత వేసేసి, తాను వెళ్లనన్నారు. పురిటికి వట్టి చేతులతో వెళ్లిన తల్లిని ఏ ఊళ్లోనైనా చూశారా, ఏం మొహం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కాలి అన్నారు. మావగారు బతిమాలారు, మా ఆయన కోప్పడ్డారు. రైలెక్కవలసిన రోజు దగ్గరికొస్తోంది. ఆవిడ మాత్రం తులసికోట దగ్గర కూర్చుని కదలరు. బిడ్డకు ప్రాణం మీదికొచ్చే పురుడది, ఈవిడ పంతం ఇది.

ఆడపడుచుకు సంగతి ఎలా తెలిసిందో, తనే ఫోను చేసింది. బేరాల వేళ కొట్లోకి ఎన్నడూ అడుగుపెట్టని అత్తగారు కొనుగోలుదార్ల మధ్యలోంచి వచ్చి ఫోను తీసుకున్నారు. అందరం గట్టిగా అరుచుకునే రోజులు కనుక అవతలి మాట మా అందరికీ వినిపించింది.

"అమ్మా, ఆరోజు నీ గొంతు ఇని కూడా పెట్టీసినాను. పెట్టీసి ఎంతసేపు ఏడ్సినానో నీకు తెల్దు. నాకు బయమేస్తంది. ఏటీ తేకు. నువ్వు రా, సాలు."

అత్తగారు హౌ అన్నారు, ఒడియాలో. సరే అని. ఫోను పెట్టేసి ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్లిపోయారు.

బొంబాయిదాకా రైలు, అక్కడి నుంచి విమానం. దుబాయిలో దిగి పెట్టె తనిఖీ బల్ల మీద పెట్టాను. తెల్లని పొడుగు చొక్కా వేసుకున్న అధికారి పాతబట్టలు ఒకటి రెండు పైకెత్తి, పసిబిడ్డకా అన్నట్టు చేతులు ఊపి అడిగి, నేను తలూపగానే మళ్లీ మడతలు చెడకుండా లోపల పెట్టి మూసేశాడు. అల్లుడుగారు వచ్చి కారెక్కించారు. గుడి సంగతి తర్వాత అన్నారు అత్తగారు. దారి పొడుగునా ఇసుకదిబ్బలే. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చున్నారు.

డాక్టరమ్మ మాట పక్కనపెట్టి మా ఆడపడుచు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. కళ్ల కింద నల్లగా, చేతులు పుల్లలై, పొట్ట మాత్రం నిండుగా. పుట్టింటికి తను వచ్చినా, అత్తింటికి మేము వెళ్లినా, మా అత్తగారి రెండు చేతుల్లోనూ ఎప్పుడూ డబ్బాలో మూటలో ఉండేవి. ముందు అవి అందించి, ఎలా వాడాలో చెప్పి, ఆ తర్వాతే కుశలం. ఆవేళ అందించడానికి ఏమీ లేదు. ఒక క్షణం ఆవిడకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత రెండు చేతులతో కూతురి మొహం పట్టుకున్నారు. బుగ్గలు, కణతలు, మెడ, భుజాలు, గుడ్డివాళ్లు తడుముకున్నట్టు తడిమారు. ఆడపడుచు చిన్నపిల్లలా ఏడ్చేసింది. అమ్మ చెయ్యి ఇంత గరుకుగా ఉంటుందని తనకు తెలియదని ఆ తర్వాత నాతో అంది.

మగపిల్లవాడు పుట్టాడు. మావగారు గీసిన ఊళ్లన్నీ చూశాం, షార్జాలో జాలరి ఇంట కాఫీ కూడా తాగాం. మావగారూ అత్తగారూ పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. ఈనాటి పిల్లలకు ఆ హడావిడి ఏదీ లేదు. ఏది తీసుకెళ్లకూడదో ఫోనే చెబుతుందట, మా మనవరాలు చూపించింది. అయినా తను తీసుకెళ్లేదేమీ లేదు, వీపుకు తగిలించుకునే ఒక్క సంచి. నీలా మేమెందుకు భయపడతాం అమ్మమ్మా అంది. నిజమే, తెలివైన పిల్ల, క్షేమంగా వెళ్లి వస్తుంది. సరేగాని ఆ మూడు ఊళ్లలో మనవాళ్లెవరున్నారే అని అడిగాను. ఎవరూ లేరు, ఎవరూ లేకపోతేనే హాయి కదా అని చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయింది. ఎవరూ ఎదురుచూడని ఊళ్లకు అంత సంతోషంగా ఎలా వెళ్తారో, మూడు ఊళ్లు తిరిగి ఒక్క మొహమైనా తడమకుండా ఎలా తిరిగొస్తారో, నాకు ఈ వయసులో ఎంత ఆలోచించినా అర్థం కావడం లేదు.