అడ్డగీతకి పైన సింగపూర్

ఆ రోజు హాల్లో ఐదువేలమంది ఉన్నారు. కాదులెండి, రెండొందలు ఉంటారేమో. అందులో సగం పిల్లలు, సమోసాల కోసం వచ్చినవాళ్ళు. జనాన్ని హెచ్చవేసి చెప్పడం ముసలి హాస్యనటుడికి ఉండే జబ్బు. మందు లేదు.

మా అమ్మాయి ఆఫీసు హైటెక్ సిటీలో. ఏడాదికోసారి ఇంట్లోవాళ్ళని పిలిచి ఫ్యామిలీ డే చేస్తారు. ఈసారి నేను రాసిన ఉత్తరం ఒకటి స్టేజి మీద చదువుతానని ఒప్పుకుందట. ఏ ఉత్తరమే అని అడిగితే, "వచ్చి విను నాన్నా" అని ఫోన్ పెట్టేసింది. మబ్బు పట్టి ఉందని మా ఆవిడ తన సింగపూర్ గొడుగు తీసుకుంది. కూకట్‌పల్లి నుంచి క్యాబులో బయల్దేరాం.

ఈ ఊళ్ళో నన్ను గుర్తుపట్టనివాడు లేడని రాద్దామనుకున్నాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నన్ను కెమెరా ముందు నిలబెట్టి, "తాతా, జర ఇటు చూడు. నవ్వకు, నవ్వితే ఫోటో మంచిగ రాదు" అన్నాడు. మా ఆవిడ గొడుగు కడుపుకి ఆనించుకుని మరీ నవ్వింది. ఆ రోజు ఆవిడ అలా నవ్వడం అదే ఆఖరు.

ఉత్తరాల సంగతి చెప్పాలి. షూటింగులని వారాల తరబడి ఊళ్ళు తిరిగేవాణ్ణి. అప్పటికి మా ఇంటికి ఫోను రాలేదు. అమ్మాయి పేరున ఉత్తరం రాసేవాణ్ణి. అది నిలబడి వాళ్ళమ్మకి చదివి వినిపించాలి. ఎక్కడ ఆగాలో అక్కడ చిన్న సున్నా చుట్టేవాణ్ణి. సున్నా దగ్గర ఆగాలి, నవ్వనివ్వాలి, నవ్వు సద్దుమణిగేలోపే తర్వాతి మాట అందుకోవాలి. మా రంగంలో పదేళ్ళు పట్టే విద్య దానికి పదేళ్ళ వయసుకే పట్టుబడింది.

కాగితం చివర్లో ఒక అడ్డగీత ఉండేది. పైది అందరికీ, కిందది దానికొక్కదానికే. కింద ఏముంటుంది? లెక్కల మాస్టారి మీసం బొమ్మ, రంగుపెన్సిళ్ళు తెస్తానన్న మాట, అంతే. గీత దగ్గరికి రాగానే మా ఆవిడ, "మీ తండ్రీకూతుళ్ళ గూడుపుఠాణీ నాకెందుకమ్మా" అంటూ లేచి వంటింట్లోకి పోయేది. ఒక్కసారైనా తొంగి చూడలేదు. అది ఆవిడ మర్యాద. నేను దాన్ని వాడుకున్నాను.

హాల్లో లైట్లు తగ్గించారు. హెచ్.ఆర్. అమ్మాయి నన్ను లేపి చప్పట్లు కొట్టించింది. మా అమ్మాయి మైకు ముందుకొచ్చింది. వెనక పెద్ద తెర మీద నా చేతిరాత పడింది. పైన కొట్టొచ్చినట్టు ఒకే మాట: సింగపూర్.



నేను సింగపూర్ వెళ్ళలేదు. మద్రాసులో ఆసుపత్రి మంచం మీద పడుకుని రాసిన ఉత్తరం అది. గొంతులో కంతి లేచింది. కోసి తీస్తే గాని ఏ రకందో తెలియదన్నారు. మాట ఉంటుందో పోతుందో చెప్పలేమన్నారు. గీతకి పైన సింగపూర్ కబుర్లు రాశాను. కింద ఇలా రాశాను: "తల్లీ, నేను మద్రాసులో ఉన్నాను. రేపు గొంతు కోస్తారు. అమ్మకి చెప్పకు, భయపడుతుంది. ఏమైనా అయితే ఎక్కడికి రావాలో ఒకరికి తెలిసి ఉండాలి కదా. అడ్రసు ఇది." పోస్టులో వేస్తే ముద్ర పట్టిస్తుందని హైదరాబాద్ వెళ్తున్న కంపెనీ కారులో పంపాను. భయపడేది మా ఆవిడ కాదు, నేను. ఆవిడ ఏడిస్తే చూడలేను. పైగా సంగతి పొక్కితే నాకు వేషం ఇచ్చేవాడు ఉండడు.

కంతి మంచిదే అని తేలింది. నోట్లోంచే తీశారు గనక బయట గాటు లేదు. గొంతు మాత్రం బొంగురుపోయింది. సింగపూర్ ఐస్‌క్రీముల వల్ల అని ఇంట్లో చెప్పాను. కాకుల్ని గమనించి సాధించిన గొంతు అని పత్రికలవాళ్ళకి చెప్పాను. ఆ గొంతే నాకు అన్నం పెట్టింది. ఇంటికి వచ్చాక అమ్మాయి ఏమీ అడగలేదు. చిన్నపిల్ల, మర్చిపోయింది అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

"ఇక్కడ రోడ్డు మీద ఉమ్మితే జరిమానా అట," అమ్మాయి చదువుతోంది. "మన హీరోగారు నోటినిండా కిళ్ళీతో విమానం దిగారు."

ఆగింది. హాలు నవ్వింది. మా ఆవిడ నా మోచేయి పొడిచి, "ఇప్పుడు డైరెక్టరు ముక్క వస్తుంది చూడండి" అంది. ఆవిడకి ఉత్తరమంతా కంఠతా వచ్చు.

"హోటలు చేరేదాకా ఆయన మింగలేక కక్కలేక, ఎవరేం అడిగినా తల ఊపడమే. అది కొత్తరకం నటన అనుకుని డైరెక్టరుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

చదువుతున్నకొద్దీ తెర మీద కాగితం పైకి జరుగుతోంది. మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. నాకు నవ్వులు వినపడటం మానేశాయి. తెర అడుగున నల్లగా అడ్డగీత కనిపించింది. దాని కింద ఒక వరస తలలు మాత్రం, అక్షరాలకి పైన పెట్టే తలకట్లు, బయటికి వచ్చాయి. ఇంకొక్క వేలెడు జరిగితే చాలు.

అమ్మాయి ఆగింది. అక్కడ సున్నా లేదు. నాకేసి చూసింది. మైకులో దాని ఊపిరి వినపడుతోంది. నోరు తెరిచింది, మూసింది.

"అంతే," అంది. చప్పట్లు. తెర ఆరిపోయింది.

అమ్మాయి స్టేజి దిగాక దాని ఆఫీసువాళ్ళు మా ఆవిడని ఫోటోలకి లాక్కుపోయారు. నేను అమ్మాయి చెయ్యి పట్టుకుని, "బతికించావు తల్లీ" అన్నాను.

"చివరిదాకా చదువుదామనే ఎక్కాను నాన్నా. నోరు పెగల్లేదు."

"ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకమ్మా?"

"మొన్న బీపీ మాత్ర వేసుకుంటూ నా కూతురితో 'అమ్మమ్మకి చెప్పకే' అన్నాను. అది 'సరే' అని తలుపు దగ్గరే నిలబడిపోయింది. దాని మొహం చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు." చెయ్యి విడిపించుకుంది. "నువ్వు చెప్తావా, నేను చెప్పనా? గేటు దాటేలోపు."

నేను జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. అబద్ధం, దొరికింది. మరీ నీచంగా ఉందని మింగేశాను.

మా ఆవిడ సమోసా ప్లేటుతో వచ్చింది. లిఫ్టుల దగ్గర నిలబడే చెప్పేశాను. అతిశయోక్తి లేకుండా నేను చెప్పిన కథ జీవితంలో అదొక్కటే. అందుకే చాలా చిన్నదిగా ఉంది.

"సింగపూర్?" అంది.

"మద్రాసు."

"ఈ గొడుగు?"

"అదీ మద్రాసే. బర్మా బజారు."

ఇంకేమైనా అడుగుతుందని చూశాను. తిడుతుందని ఆశపడ్డాను కూడా. ఆవిడ నాకేసి చూడనే లేదు. ప్లేటు నా చేతిలో పెట్టి అమ్మాయి వైపు తిరిగింది.

"అప్పుడు నీకెన్నేళ్ళే?"

"పన్నెండు."

"పక్కింటావిడ వచ్చిందని నీచేత మళ్ళీ చదివించాను."

"ఊఁ."

"సాయంత్రం మేడమీదవాళ్ళని పిలిచి మళ్ళీ చదివించాను."

"అవునమ్మా."

"ఆగాల్సిన చోటల్లా ఆగి చదివావు కదే. ఒక్కచోటైనా తడబడలేదు కదే!" అంది. అమ్మాయి భుజం పట్టుకుంది, తను పడిపోకుండానో, అది పడిపోకుండానో నాకు తెలియలేదు.

కిందికి దిగేసరికి క్యాబు రోడ్డుకి అవతల ఉంది. కుంభవృష్టి కురుస్తోంది అని రాద్దామనుకున్నాను. తుంపరే. మా ఆవిడ ఆ గొడుగు విప్పి, కూతుర్ని దగ్గరికి లాక్కుని, దాని తల తడవకుండా పట్టుకుని నడిచింది. బర్మా బజారు సరుకే అయినా గట్టి గొడుగు. ఇద్దరికే సరిపోయింది. నేను ప్లేటు పట్టుకుని వెనక తడుస్తూ నడిచాను. నన్నెవరూ పిలవలేదు. పిలవమని నేనూ అనలేదు.