మంచినీళ్లతో కడిగిన పుస్తకాలు

ఉప్పెన వచ్చి వెళ్లిన పదకొండో రోజు, బుధవారం, పొద్దున ఎనిమిది గంటలకు నేను బడి పుస్తకాలు కడిగాను. ఇవాళ మనవరాలి సంచి వానకు తడిస్తే పుస్తకాలన్నీ అరుగు మీద పరిచాను. తడి కాగితం వాసన ముక్కుకు తగిలింది. అందుకే రాస్తున్నాను.

అప్పుడు నేను దివిసీమలో మా ఊరి బడికి వంటమనిషిని. పిల్లలకు గోధుమ నూక ఉప్మా వండేదాన్ని. అక్షరం ముక్క రాదు. ఖైరున్నీసా టీచరుగారిది బందరు. వారమంతా మా ఊళ్లోనే ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికి వెళ్లేవారు. ఉప్పెన శనివారం రాత్రే వచ్చింది. ఆవిడ అలా బతికారు. ఆ మాట ఎవరైనా ఎత్తితే అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయేవారు.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం బడిలో పుస్తకాల పూట. ఒక్కో వారం ఒక్కో పిల్లాడో పిల్లో కథ చెప్పాలి. టీచరుగారు దాన్ని సిరాతో రాసి, వాళ్ల చేతే బొమ్మలు వేయించి, దబ్బనంతో కుట్టేవారు. కథ చెప్పినవాళ్లు ఆవిడ కుర్చీలో కూర్చోవాలి. నేను అందరికీ బెల్లం ముక్క పంచాలి. గరిట తిప్పేదానికి ఇదంతా ఎందుకండీ అన్నాను ఒకసారి. "వినడానికి అక్షరాలెందుకు మంగమ్మగారూ, కూర్చోండి" అన్నారు. కూర్చున్నాను.

ఆరేళ్ల నాగూరు పీత కథ చెప్పాడు. పీతకు చెప్పులు కావాలట. బజారంతా తిరిగినా ఎనిమిది కాళ్లకూ సరిపడా దొరకలేదట. మరి ఏం చేసిందిరా అని టీచరుగారు అడిగారు.

"ఏం చేస్తదండీ, వట్టికాళ్లతో ఇంటికెళ్లింది. మనలాగే."

ఉప్పెన నాగూరును తీసుకుపోయింది. బడి గోడలు నిలిచాయి. బీరువా మీదున్న రేకుపెట్టెలోకి ఉప్పునీరు చేరి పుస్తకాలు తడిశాయి. ఉప్పునీటిలో తడిసిన గుడ్డ మంచినీటిలో జాడిస్తేనే ఆరుతుంది. మా వైపు అందరికీ తెలిసిన సంగతే. పుస్తకమూ అంతే అనుకున్నాను. లారీలో వచ్చే తాగునీరు మనిషికింత అని పోస్తున్న రోజులవి. నా వాటా రెండు బిందెలూ తెచ్చాను. బిందె మోసిన కోటయ్య బావ, కాగితాలకు దాహమేసిందా మంగా అని ఎగతాళి చేశాడు. వినలేదు. ఒక్కో పేజీ జాడించి బడి అరుగు మీద ఆరబెట్టాను.

పది గంటలకు టీచరుగారు వచ్చారు. మెచ్చుకుంటారని ఎదురెళ్లాను. అచ్చు పుస్తకాలు బాగానే ఉన్నాయి. పిల్లల పుస్తకాలు తొమ్మిదింటిలోనూ నీలం మరకలే మిగిలాయి. అచ్చు నిలుస్తుంది, సిరా పోతుంది అని నాకేం తెలుసు? నా కంటికి అన్నీ గీతలే.

ఆవిడ ఒక పుస్తకం తీసి పేజీలన్నీ తిప్పి చూశారు.

"ఉప్పు పోవాలని కడిగానండీ" అన్నాను.

చివరి పేజీ అయ్యాక, నాగూరు పీత కథ గుర్తుందా అని అడిగారు. చెప్పాను. అరుగు చివర తమ్ముడితో కూర్చున్న సీతాలు చెప్పిన గేదె కథా నన్నే అడిగారు. అదీ చెప్పాను. అలా ఒక్కోటీ చెప్పించుకున్నారు. కలం తీశారు గానీ ఒక్క మాటా రాయలేదు.

"నాకు చెయ్యి ఆడట్లేదు. మీరు నేర్చుకుని మీరే రాయండి."

అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. చీకటి పడేలోపు రోజూ ఓ గంట పలక పట్టించారు. మొద్దు చెయ్యి. తిట్టారు కూడా. ఆ పుస్తకాలు మళ్లీ రాయడానికి రెండేళ్లు పట్టింది.

ఎనిమిదే రాశాను. తొమ్మిదోది చంటి అనే పిల్లాడిది. వాడు కథ చెప్పిన శుక్రవారం ఉప్మా అడుగంటుతోందని వంటింట్లోకి వెళ్లాను, తిరిగొచ్చేసరికి అయిపోయింది. టీచరుగారు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చంటీ లేడు, వాడి తల్లీ లేదు. ఆ నీలం మరకల పుస్తకం నా దగ్గరే ఉంది. ఇప్పటికీ పసిపిల్లలు ఏదైనా చెబుతుంటే పొయ్యి మీద ఏం మాడినా లేవను.

ఆ బుధవారం ఆ కథలు చెప్పుకోవడానికి అరుగు మీద మిగిలింది ఖైరున్నీసా టీచరుగారు, కోటయ్య బావ, సీతాలు, సీతాలు తమ్ముడు రాంబాబు, నేను.